పస్తులున్న బాక్టీరియాలో గింజలు ఎందుకు కనపడలేదు?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను, తరవాత చదివేవాళ్ళకూ సంగతి తెలియాలి కదా. మీరు తిరుపతిలో ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ ప్రాజెక్టు చేస్తున్నారు. చిత్తూరు పక్క వేరుశనగ చేను మట్టిలోంచి ఒక బాక్టీరియాను వేరుచేశారు. పోలికకు ల్యాబుల్లో మామూలుగా వాడే ఇ.కోలై అనే బాక్టీరియాను పెట్టుకున్నారు. ఫాస్ఫేట్ తక్కువైతే పీపీకే అనే జీన్ ఆన్ అవుతుందని, ఆ ఎంజైమే ఫాస్ఫేట్‌ను పాలీఫాస్ఫేట్ గొలుసులుగా అల్లి దాచిపెడుతుందని చదివారు. అంటే ఫాస్ఫేట్ లేకుండా మాడ్చితే కణాల నిండా గ్రాన్యూల్స్, అంటే పాలీఫాస్ఫేట్ గింజలు, కనపడాలి అనుకున్నారు. ఆ గింజలకు రంగు పట్టించే ఆల్బర్ట్ స్టెయిన్ వేసి చూస్తే ఒక్క గింజ కూడా లేదు. స్టెయిన్ పాతదేమో అన్నారు మీ గైడ్. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్.

స్టెయిన్ బాగానే ఉండి ఉంటుంది అమ్మా. మీకు వచ్చిందే రావాల్సిన రిజల్ట్. తప్పు ఎక్కడుందంటే, "జీన్ ఆన్ అయింది కాబట్టి సరుకు నిండాలి" అనే లెక్కలో ఉంది. ఈ లెక్క వేయని విద్యార్థిని ఇన్నేళ్ళలో నేను చూడలేదు. నేనూ వేశాను.

మన పక్క చెరువులో పూడిక ఎప్పుడు తీస్తారు? ఏప్రిల్, మే నెలల్లో, అడుగు నెర్రెలు బారినప్పుడు. ఆ రోజుల్లో కట్టమీద నిలబడి "పూడిక తీశారంట, మరి నీళ్ళెక్కడ?" అని ఎవరైనా అడిగితే ఊరంతా నవ్వుతుంది. నీళ్ళు వచ్చేది నవంబరు తుపానుకు. అప్పుడు పూడిక తీద్దామంటే చెరువులో దిగలేరు. ఫాస్ఫేట్ కరువులో పీపీకే జీన్ ఆన్ కావడం పూడిక తీయడం లాంటిది. పాలీఫాస్ఫేట్ గింజలు నిండడం నవంబరు సంగతి. మే నెలలో ఫోటో తీస్తే నీళ్ళు కనపడవు. మీ ఫ్లాస్కులో మే నెల నిజంగా వచ్చిందా అన్నది కింద చూద్దాం.

ఇక అసలు యంత్రాంగం. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం, మీ వైవాలో అడిగేది కూడా ఇదే.

ఇ.కోలై కణం లోపల ఫాస్ఫేట్ ఎప్పుడూ దాదాపు 10 మిల్లీమోలార్ దగ్గర ఉంటుంది. బయట కరువొచ్చినా లోపలి మట్టం వెంటనే పడిపోదు. కాబట్టి కణం లోపలి నిల్వను చూసి "కరువొచ్చింది" అని తెలుసుకోవాలంటే అప్పటికే ఆలస్యం అయిపోతుంది. అందుకే అది చూసేది బయటి నుంచి వచ్చే దారిని. చెరువు కాపలా మనిషి చెరువులో కర్ర గుచ్చి లోతు చూడకుండా, వంక దగ్గర కూర్చుని పారుదల ఎంతుందో చూస్తున్నాడనుకోండి. అదే పద్ధతి.

ఆ వంక పేరు పీఎస్‌టీ. కణం బయటి పొరకూ లోపలి పొరకూ మధ్య ఖాళీలో పీఎస్‌టీ-ఎస్ అనే ప్రొటీన్ తిరుగుతూ దొరికిన ఫాస్ఫేట్‌ను గట్టిగా పట్టుకుంటుంది. పీఎస్‌టీ-సి, పీఎస్‌టీ-ఏ రెండూ పొరలో దారి. పీఎస్‌టీ-బి లోపలి వైపున ఏటీపీ ఖర్చుపెట్టి ఫాస్ఫేట్‌ను లోపలికి లాగుతుంది. దీని పక్కనే ఫోయూ అనే చిన్న ప్రొటీన్, దాని పక్కన ఫోఆర్ అనే కైనేజ్, అంటే ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్. ఫోఆర్‌కు ఫాస్ఫేట్‌ను పట్టుకునే చోటు అంటూ ప్రత్యేకంగా లేదు. దానికి కబురు పీఎస్‌టీ నుంచి ఫోయూ ద్వారా అందుతుంది. పారుదల బాగుంటే ఫోఆర్ ఫాస్ఫటేజ్‌లా పనిచేసి ఫోబీ అనే ప్రొటీన్ మీదున్న ఫాస్ఫేట్‌ను తీసేస్తుంది. పారుదల తగ్గితే అదే ఫోఆర్ కైనేజ్‌గా మారి ఫోబీకి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఒకే మనిషి దీపం వెలిగిస్తాడు, ఆర్పుతాడు కూడా. అందుకే ఈ స్విచ్ ఆన్ అయినంత త్వరగా ఆఫ్ కూడా అవుతుంది.

ఫాస్ఫేట్ తగిలిన ఫోబీ రెండేసి జతగా డీఎన్ఏ మీద పో బాక్స్ అనే చోట కూర్చుంటుంది. అది 18 అక్షరాల ముక్క. 7 అక్షరాలు, మధ్యలో ఏ, టీ ఎక్కువగా ఉండే 4, మళ్ళీ దాదాపు అవే 7. జీన్‌ను చదివే పాలిమరేజ్ ఎంజైమ్ వచ్చి కూర్చునే చోటు ప్రమోటర్. ఈ ప్రమోటర్లలో పాలిమరేజ్‌కు మామూలుగా ఉండాల్సిన మైనస్ 35 గుర్తు బలహీనంగా ఉంటుంది, ఫోబీ వచ్చి చెయ్యి అందిస్తే తప్ప చదవడం మొదలు కాదు. ఈ విధంగా ఇ.కోలైలో ముప్ఫైకి పైగా జీన్లు ఒకేసారి లేస్తాయి, వీటినే పో జీన్లు అంటున్నాను. ఫోఏ, అంటే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, వంద రెట్లకు పైగా పెరుగుతుంది. పీఎస్‌టీ తానే మరింత తయారవుతుంది. గ్లిసరాల్ ఫాస్ఫేట్‌ను లాక్కొచ్చే యూజీపీ, కార్బన్‌కు నేరుగా అతుక్కున్న ఫాస్ఫరస్‌ను కూడా విడగొట్టగల పీహెచ్ఎన్ గుంపు, అన్నీ లేస్తాయి. పీహెచ్ఎన్ ఒక్కటే 14 జీన్ల ఆపరాన్, అంటే ఒకే స్విచ్ కింద వరుసగా ఉన్న జీన్లు. ఆకలేసినప్పుడు ఇంట్లో డబ్బాలన్నీ దులిపినట్టు.

ఈ ఫాస్ఫటేజ్ సంగతి 1959లో జపాన్‌లో హొరియుచీ బృందం, 1960లో అన్నమారియా టొరియానీ విడివిడిగా బయటపెట్టారు. ఫాస్ఫేట్ అయిపోగానే ఎంజైమ్ ఎగబాకుతుంది, మళ్ళీ పోస్తే ఆగిపోతుంది. అప్పటికి ఫోబీ, ఫోఆర్ పేర్లు కూడా లేవు.

ఇప్పుడొక నిరూపణ, నాకు చాలా ఇష్టమైనది. పీఎస్‌టీ జీన్లను తీసేసిన ఇ.కోలైని ఫాస్ఫేట్ పుష్కలంగా ఉన్న మీడియంలో పెంచండి. దానికి పిట్ అనే ఇంకో దారి ఉంది, అది తక్కువ పట్టున్నదే అయినా మీడియంలో సమృద్ధిగా ఉంటే సరిపోతుంది. లోపల ఫాస్ఫేట్‌కు కొరత లేదు. అయినా పో జీన్లన్నీ ఆన్‌లోనే ఉంటాయి! కణం నిండుగా ఉండి కూడా "కరువు, కరువు" అని అరుస్తూ ఉంటుంది. లోపలి నిల్వను కొలిచే పద్ధతైతే ఇలా జరగదు. కాపలా మనిషి వంకనే చూస్తున్నాడు, వంక పూడుకుపోయింది, చెరువు ఇంకో దారిలో నిండిన సంగతి అతనికి తెలియదు.

ఫోయూ పోయినా పో జీన్లు ఆగవు. అయితే ఇందులో ప్రమాదం ఎక్కువ. పీఎస్‌టీ దారి తెరిచే ఉంటుంది, ఆపే మనిషి లేడు, ఫాస్ఫేట్ అదుపు లేకుండా లోపలికొస్తుంది. 2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్ళు ఖాళీ చేయించిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. చెరువుకు నీళ్ళు రావడం మంచిదే, మరవ దాటి కట్ట మీదికి రావడం మంచిది కాదు. ఫోయూ లేని ఇ.కోలై సరిగా పెరగదు, జబ్బుగా ఉంటుంది. వచ్చిపడుతున్న ఫాస్ఫేట్‌ను అది పాలీఫాస్ఫేట్‌గా పెద్ద ఎత్తున మారుస్తుంది. చూడ్డానికి అందమైన గ్రాన్యూల్స్ వస్తాయి. అందుకని "ఫోయూ మ్యూటెంట్ తెచ్చి పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టుకుంటా" అనుకుంటారు విద్యార్థులు. పెట్టుకోండి, కానీ ప్రతిసారీ గ్లిసరాల్ స్టాక్ (గడ్డకట్టించి దాచిన మూల కల్చర్) నుంచి కొత్తగా తీయండి. ప్లేట్ మీద నాలుగైదు సార్లు మార్చేసరికి పీఎస్‌టీలోనో ఫోబీ, ఫోఆర్‌లోనో ఇంకో మ్యూటేషన్ వచ్చి బాగా పెరిగేవే మిగులుతాయి. మీరు ఫోయూ మ్యూటెంట్ అనుకుంటూ వేరే దాన్ని చూస్తుంటారు.

సరే, పీపీకే దగ్గరికి వద్దాం. ఈ ఎంజైమ్‌ను 1956లో ఆర్థర్ కోర్న్‌బర్గ్ వాళ్ళు ఇ.కోలైలో కనుక్కున్నారు. 1959లో డీఎన్ఏ పాలిమరేజ్ పనికి నోబెల్ అందుకున్నది ఆయనే. పాలీఫాస్ఫేట్‌ను అందరూ మరిచిపోయాక, చివరి దశలో మళ్ళీ ఆయనే దాని మీద కూర్చున్నారు. పీపీకే ఏటీపీ చివరి ఫాస్ఫేట్‌ను తీసి గొలుసుకు తగిలిస్తుంది, గొలుసు వందల లింకుల పొడవు పెరగగలదు. వెనక్కి కూడా నడుస్తుంది. గొలుసును చివర్నుంచి కొరికేది పీపీఎక్స్. ఇ.కోలైలో ఈ రెండు జీన్లూ పక్కపక్కన ఒకే ఆపరాన్‌లో ఉంటాయి. ఆలోచించండి: అల్లేవాడూ, విప్పేవాడూ ఒకే ఆర్డరు మీద తయారవుతున్నారు. అలాంటప్పుడు ఆర్డరు పెరిగినంత మాత్రాన సరుకు పెరుగుతుందని ఎలా చెప్తాం? నిల్వ ఎంతుండాలనేది జీన్ దగ్గర కన్నా ఎంజైమ్ దగ్గరే ఎక్కువ తేలుతుంది. ఇ.కోలైలో పాలీఫాస్ఫేట్ బాగా పేరుకునే సమయంలో కూడా పీపీకే ప్రొటీన్ మోతాదు పెద్దగా మారదు.

క్లెబ్సియెల్లాలో, అసినెటోబాక్టర్‌లో, కలరా కలిగించే విబ్రియోలో పీపీకే ముందు పో బాక్స్ లాంటి ముక్కలు ఉన్నాయి, వాటిలో కరువుకూ పీపీకేకూ లంకె కొంచెం గట్టిగా ఉంటుంది. టీబీ బాక్టీరియాలో ఈ పనికి వేరే జత ఉంది: సెన్ఎక్స్3, రెగ్ఎక్స్3. సయనోబాక్టీరియాలో ఎస్‌పీహెచ్-ఎస్, ఎస్‌పీహెచ్-ఆర్. ఇక్కడొక గుంట ఉంది, పడకండి. బాసిల్లస్‌లో ఈ జత పేరు ఫోపీ, ఫోఆర్. సాల్మొనెల్లాలో, ఇ.కోలైలో కూడా ఒక ఫోపీ ఉంది, దాని జోడీ ఫోక్యూ. ఆ ఫోపీ చూసేది మెగ్నీషియంను, ఫాస్ఫేట్‌ను కాదు. డేటాబేస్‌లో పేరు చూసి ప్రైమర్లు ఆర్డర్ పెట్టి, రెండు నెలల తరవాత తెలుసుకున్న వాళ్ళు నాకు తెలుసు.

మరి కరువులో పీపీకే పెంచుకోవడం ఎందుకు? వాన పడ్డ క్షణం కోసం. మాడిన కణాలకు ఫాస్ఫేట్ పోయగానే ఫోబీ ఆరిపోతుంది, కొత్త పీఎస్‌టీ తయారీ ఆగుతుంది. కానీ అప్పటికే పొర నిండా పరుచుకున్న పీఎస్‌టీలు మాయం కావు కదా. కణం విభజన చెందుతూ వాటిని పలచన చేసేదాకా అవి లాగుతూనే ఉంటాయి. పీపీకే కూడా సిద్ధంగా ఉంది. ఆ కొద్ది గంటల సందులో, ఎప్పుడూ కరువు చూడని కణం దాచుకునే దానికన్నా చాలా ఎక్కువ పాలీఫాస్ఫేట్ పేరుకుంటుంది. దీన్ని పాతవాళ్ళు ఓవర్‌ప్లస్ అన్నారు. మీరు వెతుకుతున్న గింజలు ఈ సందులో ఉన్నాయి. ఇ.కోలైలో అయితే అవి తరవాత తగ్గిపోతాయి కూడా, కాబట్టి మర్నాడు పొద్దున వచ్చి చూద్దాంలే అంటే కుదరదు.

చెరువు పోలిక ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే చెరువుకు లేని గుణం ఒకటి బాక్టీరియాకు ఉంది. ఫాస్ఫేట్‌తో సంబంధం లేని కష్టం వచ్చినా అది పాలీఫాస్ఫేట్ అల్లుతుంది. ఎల్‌బీ లాంటి పుష్టికరమైన మీడియంలో పెరుగుతున్న ఇ.కోలైని కడిగి, అమినో ఆమ్లాలు లేని మినిమల్ మీడియంలో వేస్తే, రెండు గంటల్లో పాలీఫాస్ఫేట్ నిండుతుంది. దీనికి చాలాకాలం చెప్పిన కారణం ఏమిటంటే, అమినో ఆమ్లాల కొరతలో పుట్టే పీపీజీపీపీ అనే సంకేతం పీపీఎక్స్ నోరు కట్టేస్తుంది, విప్పేవాడు ఆగితే గొలుసు పెరుగుతుంది అని. పుస్తకాల్లో ఇప్పటికీ ఇదే ఉంటుంది. ఆ సంకేతాన్ని అసలు చేయలేని మ్యూటెంట్లు కూడా పాలీఫాస్ఫేట్ పేర్చుకుంటాయని, డీకేఎస్ఏ అనే ప్రొటీన్ మాత్రం అవసరమని తరవాతి ప్రయోగాల్లో తేలింది. వైవాలో పాత కథ చెప్తే మార్కులు పోవు, కానీ ఈ మెలిక కూడా చెప్తే ఎదుటివాళ్ళు కుర్చీలో కొంచెం ముందుకు జరుగుతారు.

మీ ప్రయోగానికి దీని అర్థం ఏమిటంటే, ఎల్‌బీలో పెంచిన కల్చర్‌ను కడిగి నేరుగా తక్కువ ఫాస్ఫేట్ మీడియంలో వేయకండి. గింజలు వస్తే ఫాస్ఫేట్ కరువు వల్ల వచ్చాయో, అమినో ఆమ్లాల కరువు వల్ల వచ్చాయో చెప్పలేరు. ముందు రాత్రంతా అదే మినిమల్ మీడియంలో, ఫాస్ఫేట్ సరిపడా ఉన్నదాంట్లో అలవాటు చేయండి. ఆ తరవాతే కరువు.

ఇప్పుడు మీ మట్టి బాక్టీరియా. గ్రామ్ స్టెయిన్ రిజల్ట్ మీరు రాయలేదు. గొట్టం ఆకారం, స్పోర్లు ఉన్నాయి అని మాత్రం రాశారు. ఎండాకాలం కాలిపోయే ఎర్ర చెలకల్లోంచి వేరుచేస్తే బాసిల్లస్ జాతులు బయటపడడం మామూలే, మీది అదే అయ్యుంటే కథలో సగం మారుతుంది. బాసిల్లస్ సబ్‌టిలిస్ తన ఫాస్ఫేట్‌లో పెద్ద వాటాను గోడలోనే పెట్టుకుంటుంది, టీకోయిక్ ఆమ్లం రూపంలో. గోడ దానికి ఇల్లూ, ఖజానా రెండూ. కరువొస్తే ఫోపీ రెండు పనులు చేస్తుంది. టీకోయిక్ ఆమ్లం కట్టే టీఏజీ జీన్లను అణచివేస్తుంది. ఫాస్ఫేట్ లేని టీక్యురోనిక్ ఆమ్లం కట్టే టీయూఏ జీన్లను లేపుతుంది. గోడకున్న ఇత్తడి రేకులు తీసి మట్టి మెత్తినట్టు. అందులోనూ విచిత్రం, అక్కడ ఫోఆర్ చూసే సంకేతం పీఎస్‌టీ పారుదల కాదు. టీకోయిక్ ఆమ్లం తయారీలో మధ్యలో వచ్చే పదార్థాలు ఉంటే ఫోఆర్ అణిగి ఉంటుంది, అవి తగ్గితే లేస్తుంది. అంటే ఈ జీవిలో కాపలా మనిషి వంక దగ్గర లేడు, గోడ కట్టే మేస్త్రీల దగ్గర కూర్చున్నాడు. మేస్త్రీలు ఖాళీగా ఉన్నారంటే సరుకు రాలేదని అర్థం చేసుకుంటాడు. ఇ.కోలైలో ఒకటి, బాసిల్లస్‌లో ఒకటి, అవసరం ఒక్కటే. మీ థీసిస్‌లో ఈ తేడా ఒక పేరా రాసినా చాలు, మిగతావాళ్ళ కాపీల నుంచి విడిగా నిలుస్తుంది.

ఇంకో జాగ్రత్త. బాసిల్లస్ మెగటేరియం లాంటివి పీహెచ్‌బీ అనే కొవ్వు లాంటి నిల్వను విపరీతంగా దాచుకుంటాయి. అవీ గింజల్లాగే కనపడతాయి, ఆల్బర్ట్ స్టెయిన్‌లో రంగు పట్టవు. పక్కన కొవ్వుకు రంగు పట్టించే సుడాన్ బ్లాక్ స్లైడ్ ఒకటి వేసుకుంటే గొడవ ఉండదు. స్పోర్ కూడా రంగు పట్టని మెరిసే చుక్కే. మీరు "ఖాళీ చుక్కలు కనపడ్డాయి" అని రాసింది బహుశా ఈ రెండిట్లో ఒకటి.

వేరుశనగ చేను అన్నారు కాబట్టి ఒక మాట. రైతు డీఏపీ బస్తా వేస్తాడు, అందులో పీ2ఓ5 లెక్కలో 46 శాతం ఫాస్ఫేట్ అని బస్తా మీదే ఉంటుంది. అది మట్టిలో పడ్డాక ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. మట్టి నీటిలో కరిగి ఉండేది సాధారణంగా కొన్ని మైక్రోమోలార్లే, చాలాసార్లు అంతకన్నా తక్కువ. ఇ.కోలై పో జీన్లు లేచే గీత సుమారు 4 మైక్రోమోలార్, అంటే లీటరుకు 0.4 మిల్లీగ్రాముల లోపు ఫాస్ఫేట్. బస్తాలు బస్తాలు పోసిన చేనులో కూడా బాక్టీరియా లెక్కలో కరువే నడుస్తూ ఉండొచ్చు. అప్పుడప్పుడూ ఒక ఆకు కుళ్ళినప్పుడో, పక్క కణం పగిలినప్పుడో క్షణకాలం ఫాస్ఫేట్ వాన. అలాంటి చోట బతికే జీవికి ఓవర్‌ప్లస్ ఎందుకు అబ్బిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక చెయ్యాల్సిన పని. ముందు మీ మీడియం ఏదో చూసుకోండి. మీరు ఎం9 అనే మినిమల్ మీడియంలో ఫాస్ఫేట్ "సగానికి తగ్గించాం" అని రాశారు. ఎం9లో ఫాస్ఫేట్ దాదాపు 70 మిల్లీమోలార్ ఉంటుంది, ఎందుకంటే అక్కడ అదే బఫర్. సగం చేస్తే 35. గీత 4 మైక్రోమోలార్. అంటే మీరు పస్తు పెట్టలేదమ్మా, విందులో ఒక అరిసె తగ్గించారు. ఎం9 వదిలేసి, ఫాస్ఫేట్ లేని మాప్స్ బఫర్‌తో మినిమల్ మీడియం చేసుకోండి, ఫాస్ఫేట్ విడిగా కలపండి. సమృద్ధికి 2 మిల్లీమోలార్, కరువుకు 0.1 మిల్లీమోలార్. గ్లూకోజ్ 0.4 శాతం, అది ముందే అయిపోతే కార్బన్ కరువును ఫాస్ఫేట్ కరువు అనుకుంటారు. పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ చిటికెడు కూడా వద్దు, రెండిట్లోనూ ఫాస్ఫేట్ ఉంటుంది.

0.1 అన్నా మొదట్లో కరువు కాదు, గమనించండి. అది 100 మైక్రోమోలార్, గీతకు 25 రెట్లు పైన. కణాలు తిని తిని గీత దాటే దాకా పో జీన్లు పడుకునే ఉంటాయి. గ్రోత్ కర్వ్ వంగడం మొదలయ్యే చోట అవి లేస్తాయి. రెండు గంటలకోసారి శాంపిల్ తీస్తే ఆ మలుపు తప్పిపోతుంది, అరగంటకోసారి తీయండి.

మలుపు వచ్చిందో లేదో స్టెయిన్‌తో తేల్చకండి, ఫాస్ఫటేజ్‌తో తేల్చండి. పారా నైట్రోఫినైల్ ఫాస్ఫేట్ వేస్తే పసుపు రంగు, సోడియం హైడ్రాక్సైడ్‌తో ఆపి 405 నానోమీటర్ల దగ్గర చదవడమే. ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా అయ్యే పని. పసుపు ఎగబాకిందంటే ఇ.కోలైలో ఫోబీ లేచినట్టు. మీ ప్రాజెక్టులో అతి ముఖ్యమైన గ్రాఫ్ ఇదే అవుతుంది, గింజల ఫోటో కాదు. ప్లేట్ మీద చూడాలనుకుంటే ఎక్స్-ఫాస్ వేసి నీలం కాలనీలు చూడొచ్చు, కానీ మామూలు అగార్‌లో కూడా కొంత ఫాస్ఫేట్ ఉంటుంది, అగారోజ్ ఖరీదు. ద్రవంలోనే చేసుకోండి.

పసుపు పెరిగి, పెరుగుదల ఆగిన గంట తరవాత ఫ్లాస్క్‌లో ఫాస్ఫేట్ 2 మిల్లీమోలార్‌కు చేరేలా పోయండి. పక్కన ఇంకో ఫ్లాస్క్‌లో అంతే మోతాదు ఉప్పు నీళ్ళు పోయండి, అది మీ కంట్రోల్. మూడో ఫ్లాస్క్ మొదటి నుంచీ 2 మిల్లీమోలార్‌లోనే పెరిగినది. పోసిన క్షణం, 15 నిమిషాలు, 30, 60, రెండు గంటలు: స్లైడ్లు వేయండి. ఆల్బర్ట్ స్టెయిన్‌లో ఒళ్ళు ఆకుపచ్చ, గింజలు నలుపు కలిసిన నీలం. ఉత్త టొలూయిడిన్ బ్లూ వేసినా పాలీఫాస్ఫేట్ ఉన్నచోట రంగు ఎర్రటి ఊదాకు జరుగుతుంది. ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే డాపీ వాడండి, డీఎన్ఏ నీలంగా, పాలీఫాస్ఫేట్ పసుపుపచ్చగా వెలుగుతాయి. ఇ.కోలైలో గింజలు చిన్నవి, ఒక్కో కణంలో ఒకటో రెండో. డిఫ్తీరియా స్లైడ్‌లో లాగా పూసల దండ ఆశించకండి.

చివరగా గాజు సామాను, ఇందులో నా సొంత పరువు పోయిన కథ ఉంది. పాతికేళ్ళ కిందట ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నప్పుడు మా 0.1 మిల్లీమోలార్ ఫ్లాస్కుల్లో కణాలు ఎంతకీ ఆకలి పడేవి కావు. పసుపు రంగు ఒక రోజు వచ్చేది, మూడు రోజులు వచ్చేది కాదు. స్ట్రెయిన్ మార్చాం, బఫర్ మార్చాం, స్పెక్ట్రోను అనుమానించాం. నాలుగు నెలలు పోయాక తేలింది: ఫ్లాస్కులు కడిగే సబ్బు పొడిలో ఫాస్ఫేట్ ఉంది, తొలపడం ఒక్కోరోజు ఒక్కోలా జరిగేది. కడిగే ఆయన సెలవు పెట్టి నేనే హడావిడిగా నీళ్ళతో తొలిపిన రోజు మాత్రం ప్రయోగం కుదిరింది. కాబట్టి ఈ పనికి నాలుగు ఫ్లాస్కులు విడిగా పెట్టుకుని, వాటికి సబ్బు తగలనివ్వకండి. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో ఆరేడు సార్లు తొలవండి. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు. మన పక్క బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువ, ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా పేరుకుంటుంది, మీరు పోసిన 2 మిల్లీమోలార్ ఫ్లాస్క్ అడుగున కూర్చుంటుంది. అందుకే మెగ్నీషియం, కాల్షియం, ఫాస్ఫేట్ మూడూ విడివిడిగా ఆటోక్లేవ్ చేసి చల్లారాక కలపండి.

గ్రామ్ స్టెయిన్ రిజల్ట్, మొదటి ఫాస్ఫటేజ్ గ్రాఫ్ వచ్చాక ఇక్కడే పెట్టండి. బాసిల్లస్ అని తేలితే పోసే ఫాస్ఫేట్ మోతాదు, శాంపిల్ సమయాలు మార్చాలి, అప్పుడు మళ్ళీ మాట్లాడదాం. అప్పటిదాకా ఆ ఆల్బర్ట్ స్టెయిన్ సీసా పారేయొద్దని మీ గైడ్‌గారికి చెప్పండి.